సముద్రం కింద ఓ మునిగిన నేల.. డాగర్‌ల్యాండ్ గురించి తెలుసా?

బ్రిటన్, నెదర్లాండ్స్, డెన్మార్క్ మధ్య ఉన్న నార్త్ సీలో ఇప్పుడు చేపల పడవలు, చమురు రిగ్గులు, గాలిమరలే కనిపిస్తాయి. కానీ ఒకప్పుడు ఇందులో చాలా భాగం నేలే! నదులు, సరస్సులు, అడవులు ఉండేవి. మనుషులు వేటాడుకుంటూ అక్కడే బతికారు. ఆ నేలకే డాగర్‌ల్యాండ్ అని పేరు.

ఎలా మునిగింది?
సుమారు 20 వేల ఏళ్ల క్రితం మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. ఆ తర్వాత మంచు కరిగేకొద్దీ నీళ్లు పైకి వచ్చాయి. లోతట్టు భూములు ఒక్కొక్కటిగా మునిగాయి. సుమారు 8,200 ఏళ్ల క్రితం నార్వే దగ్గర సముద్రం అడుగున భారీగా మట్టి జారి సునామీ కూడా వచ్చింది. మిగిలిన దీవులు కూడా కాలక్రమంలో నీళ్లలో కలిసిపోయాయి.

ఎలా బయటపడింది?
1931లో కొలిండా అనే ట్రాలర్ వలలో నల్లటి పీట్ మట్టిగడ్డ పడింది. పగలగొడితే లోపల జింక కొమ్ముతో చేసిన ముళ్ల బల్లెం మొన ఉంది! దాని వయసు 13 వేల ఏళ్లకు పైనే అని తర్వాత తేలింది. పీట్ అంటే చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కలతో తయారయ్యే మట్టి. అందులోకి గాలి చేరదు కాబట్టి కొమ్ము, కర్ర, పుప్పొడి వేల ఏళ్లు చెడిపోకుండా ఉంటాయి.

డాగర్‌ల్యాండ్ అనే పేరును 1998లో పురావస్తు శాస్త్రవేత్త బ్రయనీ కోల్స్ పెట్టారు. తర్వాత విన్స్ గాఫ్నీ బృందం, చమురు అన్వేషణ కోసం ధ్వని తరంగాలతో తీసిన సర్వే డేటాతోనే 23 వేల చదరపు కిలోమీటర్ల మేర పాత నదులు, తీరాలను మ్యాప్ చేసింది.

ఇలాంటి చోటే ఇంకొకటి ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉంది. ఐల్ ఆఫ్ వైట్ దగ్గర బౌల్డ్‌నర్ క్లిఫ్‌లో 1999లో ఓ లాబ్‌స్టర్ బొరియ తవ్వుకుంటూ చెకుముకి రాళ్లను బయటికి నెట్టింది. డైవర్లు వెతికితే, 11 మీటర్ల లోతున 8 వేల ఏళ్ల నాటి మనుషుల ఆనవాళ్లు దొరికాయి.

ఇప్పుడు ఎందుకు ముఖ్యం?
డాగర్ బ్యాంక్ మీద ఇప్పుడు భారీ గాలిమరలు వెలుస్తున్నాయి. వాటి కోసం సముద్రం అడుగున పునాదులు దిగుతాయి, కేబుళ్ల కోసం కందకాలు తవ్వుతారు. దీంతో పాత నేల దెబ్బతినే ప్రమాదం ఉంది. అయితే పనులకు ముందు తీసే మట్టి నమూనాల్లోని పుప్పొడి, డీఎన్‌ఏతోనే అక్కడ ఏ చెట్లు పెరిగాయో, ఏ జంతువులు తిరిగాయో తెలుసుకోవచ్చు. అందుకే ముందు నమూనాలు భద్రపరచాలి, తర్వాతే తవ్వాలి. బౌల్డ్‌నర్‌లో మాత్రం అలలు, ప్రవాహాలే ఆ ఆనవాళ్లను కోసేస్తున్నాయి. ఒకసారి కొట్టుకుపోయిన పొర మళ్లీ దొరకదు.