చెమట పట్టని బిడ్డలు

గర్భస్థ పిండపు వెలుపలి పొర నుంచే పైచర్మం, వెంట్రుకలు, గోళ్లు, దంతాల పింగాణీ, స్వేదగ్రంథులు ఏర్పడతాయి. ఆ పొర ఎదుగుదలలో జన్యులోపం కలిగితే వీటిలో రెండు మూడు ఒకేసారి దెబ్బతింటాయి. వైద్యులు దీనిని ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అంటారు. రకాలు అనేకం. గోళ్లు మందమై వికారంగా మారే క్లౌస్టన్ రకంలో చెమట యథావిధిగా పడుతుంది. ఎక్కువగా కనిపించే మరో రకంలో చెమట దాదాపు పట్టదు. మన ఎండలలో అదే ప్రాణాపాయం.

సింధు ప్రాంతపు ఒక హిందూ కుటుంబంలో నాలుగు తరాలలో పదిమంది పురుషులకు కొద్దిపాటి పళ్లే ఉండేవని, వేసవిలో చర్మం ఎండి బాధపడేవారని డార్విన్ 1875లో రాశాడు. ఆడపిల్లలకు లోపం కనిపించలేదు. వారి కుమారులకు మాత్రం సంక్రమించింది. ఇందుకు మూలమైన ఈడీఏ జన్యువును 1996లో గుర్తించారు. అది ఎక్స్ క్రోమోజోముపై ఉన్నది. తల్లి వాహకురాలైతే ప్రతి కుమారునికీ వ్యాధి వచ్చే అవకాశం సగం. ఆమెలో పలుచని జుట్టు, ఒకటి రెండు పళ్లు రాకపోవడం తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. అందుకని కోడలిని నిందించడం అన్యాయం. వ్యాధిగ్రస్తుడైన మేనమామకు వాహకురాలైన మేనకోడలిని ఇస్తే ఆడపిల్లలకు సైతం పూర్తి వ్యాధి రావచ్చు.

పసిబిడ్డకు మాటిమాటికీ కారణం తెలియని జ్వరం, పలుచని జుట్టు, ఆలస్యంగా మొనదేలి వచ్చే పళ్లు ఉంటే చర్మవైద్యునికి చూపించాలి. ఎండవేడికి ఒళ్లు కాలితే జ్వరం మాత్రతో దిగదు. నీడకు చేర్చి, తడిబట్టతో తుడిచి, విసరాలి. బడికి నీళ్లసీసా, తడిపిన చొక్కా తప్పనిసరి. తెలివితేటలకు సాధారణంగా లోటుండదు. పళ్లసెట్టు మూడు నాలుగేళ్ల వయసు నుంచే అమర్చవచ్చు. దవడ పెరిగేకొద్దీ మార్చుకోవాలి.