పెద్దల సలహాతో పోని బెరుకు: నెల్లూరు రాత్రిబడులు నేర్పిన పాఠం

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కేరళలోని ఎర్నాకుళం అంతకు ముందు ఏడాదే దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా పేరు తెచ్చుకుంది. ఆ బాటలో నడిచిన మొదటి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. అప్పటి కలెక్టర్ కొప్పుల రాజు యంత్రాంగాన్ని కదిలించారు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగారు. పగలంతా నాట్లకో కలుపుకో పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి అన్నాలయ్యాక పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లకు చదువు చెప్పింది జీతం లేని వలంటీర్లు. ఎక్కువమంది ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు, అమ్మాయిలే.

ఈ కథలో జనం ఎక్కువగా చెప్పుకునేది సారా వ్యతిరేక ఉద్యమాన్ని. పదిమంది ముందు నోరు విప్పాలంటే వణికే మనిషి ఆ వణుకును ఎలా దాటుతాడన్న కథ కూడా అందులోనే ఉంది. ఇవాళ హైస్కూలు పిల్లల్లో సోషల్ యాంగ్జైటీ గురించి ఆలోచిస్తున్నవాళ్లకు అది చాలా అవసరం.

అప్పటి పాఠం నడిచిన తీరు చూడండి. ఒక వలంటీరుకు సుమారు పదిమంది. మూడు భాగాల వాచకం, మొత్తం రెండు వందల గంటల చదువు. పేజీ తెరిస్తే ముందు కనిపించేది అక్షరం కాదు, బొమ్మ. ఈ బొమ్మలో ఏముంది, మన ఊళ్లో ఇలాగే ఉంటుందా అని వలంటీరు అడగాలి. ఒకరు ఒక మాట అంటారు, పక్కామె ఇంకోటి కలుపుతుంది. ఆ మాటల్లోంచి ఒక పదం తీసి, దాన్ని విడగొట్టి అక్షరాలు నేర్పాలి. అంటే మాట్లాడటం ముందు, రాయడం తర్వాత. తప్పు చెప్పినా నవ్వేవాళ్లు లేరు, ఎందుకంటే అందరిదీ అదే పరిస్థితి. చెప్పేవాళ్లూ హోదా ఉన్న మాస్టార్లు కారు, ఎదురింటి పిల్లలు.

నిజానికి ఆ పిల్లలకూ అది పరీక్షే. అమ్మ వయసువాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఇంటర్ చదివే అమ్మాయికి చిన్న విషయమా? ప్రచారానికి వెళ్లిన కళాజాతల్లో స్టేజీ ఉండేది కాదు, తెర ఉండేది కాదు. జనం చుట్టూ మూగితే వాళ్ల మధ్యే నిలబడి పాడాలి, ఆడాలి.

ఫలితం ఊహించని చోట తేలింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు పాఠం దగ్గర మొదలైన చర్చను సారా కొట్టు దాకా తీసుకెళ్లి దాన్ని మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మను తర్వాత లోకమంతా దూబగుంట రోశమ్మగా గుర్తుపెట్టుకుంది. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పేరుతో ఆ కథ వాచకంలో పాఠమైంది, ఊరూరా పాకింది. 1992లో ఆడవాళ్లు తరలివచ్చి సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మొదట్లో పేరు చెప్పడానికే సిగ్గుపడిన వాళ్లు అధికారుల ముందు నిలబడి నిలదీశారు. ధైర్యంగా ఉండమని ఎవరో ఉపన్యసిస్తే వచ్చిన మార్పు కాదది. చిన్న గుంపులో రోజుకు కొంచెం మాట్లాడి మాట్లాడి వచ్చింది.

ఈ జిల్లాలో అణిగి ఉన్నవాళ్లు గొంతెత్తే వరవడి ఇంకా పాతది. పొట్లపూడిలో కాపురం పెట్టిన పొణకా కనకమ్మకు ఎనిమిదేళ్లకే పెళ్లయింది. బడి లేదు, ఇంట్లోనే కష్టపడి చదువుకున్నారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. విడవలూరు దగ్గర అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య పదిహేడేళ్లకే కాలేజీ వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి దిగారు. కుర్ర ఖైదీలను ఉంచే బోర్‌స్టల్ పాఠశాలలో శిక్ష అనుభవించి ఊరికి తిరిగొచ్చి, వ్యవసాయ కూలీలను కూడగట్టారు. తల దించుకుని నిలబడటమే మర్యాదని నేర్చినవాళ్లు ఆ గుంపుల్లోనే తల ఎత్తారు.

పేదరికం, కులం అణచివేసిన గొంతు వేరు, పదో తరగతి పిల్లవాడి గుండెదడ వేరు. రెండూ ఒకటే అనడం తప్పు. సోషల్ యాంగ్జైటీ వైద్యులు గుర్తించిన సమస్య. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో దానికి విడిగా చోటు దక్కింది. చాలామందిలో అది టీనేజీలోనే మొదలవుతుంది. జవాబు తెలిసినా చెయ్యెత్తకపోవడం, నలుగురిలో తినలేకపోవడం, ప్రెజెంటేషన్ రోజు కడుపునొప్పి అని బడి మానేయడం దాని గుర్తులు. పొగరనో మొద్దనో పెద్దలు పొరబడతారు. అయితే దాని చికిత్సలో ముఖ్యమైన పద్ధతి, భయపడే పనినే చిన్నచిన్న మెట్లుగా చేసి, నమ్మకమున్న చోట మళ్లీ మళ్లీ చేయించడం. రాత్రిబడి తెలియకుండానే చేసిన పని అదే.

అందుకే ఇప్పటి పథకాలూ తోటిపిల్లల్నే నమ్ముకున్నాయి. 2014 జనవరిలో మొదలైన జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమంలో తోటివారికి తోడు నిలిచే ‘సాథియా’లున్నారు. 2020లో వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా, క్లాసు లీడర్లను వాళ్ల సందేశకులుగా పెట్టమంది. మరోవైపు విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, వందమంది లేదా అంతకు మించి పిల్లలున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. బడుల్లో లేనిది పిల్లలు తమంతట తాము కూర్చునే చోటు. నెల్లూరు జిల్లా హెడ్మాస్టర్లకు ఒక్కటే మనవి: వారానికి ఒక పీరియడ్ మార్కుల గోల లేకుండా పిల్లల చేతికివ్వండి. పదిమందికి ఒక గుంపు, నడిపేది పై తరగతి అన్నో అక్కో. మాట్లాడనివాళ్లను బలవంతం చేయవద్దు, వినడానికైనా కూర్చోనివ్వండి. భయం మరీ ఎక్కువైన పిల్లలను మాత్రం ఆ గుంపుకు వదిలేయకుండా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడు ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరును ప్రతి క్లాసు గోడ మీదా రాయించండి.