గుడ్డు పెంకు మీద పడిన వెలుగు

1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు మరణించిన ఒక రోగి మెదడును పరీక్షించాడు. ఆ రోగి చాలా ఏళ్లుగా 'టాన్' అనే శబ్దం తప్ప దాదాపు మరేమీ పలకలేకపోయాడు. అతని మెదడులో ఎడమ అర్ధగోళం ముందుభాగం దెబ్బతిని ఉంది. అటువంటి రోగులను మరికొందరిని చూశాక, మనం మాట్లాడేది ఎడమ అర్ధగోళంతోనని 1865లో బ్రోకా ప్రకటించాడు.

ఈ పునాది మీద తరువాతివారు పెద్ద మేడే కట్టారు. భాష మనిషికే ఉంది కనుక మెదడులో కుడి ఎడమల తేడా కూడా మనిషికే ఉండాలన్నారు. ఇంచుమించు వందేళ్లు చాలామంది శాస్త్రజ్ఞులు ఇదే నమ్మారు. జంతువులలో వెతికి చూసినవారే తక్కువ!

మేడకు మొదటి బీట ఒక పాటల పిట్ట వల్ల పడింది. చాఫించ్ అనే పిట్ట గొంతుకు పోయే ఎడమ నరాన్ని కత్తిరిస్తే పాట చాలావరకు పోతుందనీ, కుడి నరాన్ని కత్తిరిస్తే అంత నష్టం లేదనీ 1970 ప్రాంతంలో ఫెర్నాండో నాటెబామ్ కనుగొన్నాడు. ఆ తరువాత వంతు మనకు బాగా తెలిసిన కోడిపిల్లది.

పక్షులలో కుడి కంటి నరం దాదాపు పూర్తిగా ఎడమ అర్ధగోళం వైపుకు, ఎడమ కంటి నరం కుడి వైపుకు పోతాయి. అందువల్ల ఒక కంటికి గంత కడితే చాలు, ఏ సగం ఏ పని చేస్తున్నదో తెలుసుకోవచ్చు. నేలకు చిన్న చిన్న గులకరాళ్లు అంటించి, వాటి మధ్య గింజలు చల్లి కోడిపిల్లను వదిలారు. కుడి కంటితో చూసే పిల్ల త్వరలోనే రాళ్లను మాని గింజలను ఏరుకుంది. ఎడమ కంటితో మాత్రమే చూసే పిల్ల రాళ్లను కూడా పొడుస్తూనే ఉంది. అయితే ఎడమ కన్ను దండగ కాదు. కొత్త వస్తువునో, పైనుంచి వచ్చే గద్దనో పసిగట్టడంలో దానిదే పైచేయి.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞురాలు లెస్లీ రోజర్స్ దీనికి జవాబును గుడ్డులోనే వెతికింది. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుందని మీకు తెలుసు. చివరి రోజులలో పిల్ల తల ఒక పక్కకు తిరిగి ఉంటుంది. ఎడమ కన్ను సొంత శరీరానికి ఆని మూసుకుపోతుంది, కుడి కన్ను పెంకు వైపు ఉంటుంది. పెట్ట మేతకు లేచినప్పుడు పెంకు గుండా వచ్చే కాస్త వెలుగు కుడి కంటికే దక్కుతుంది. రోజర్స్ గుడ్లను పూర్తి చీకటిలో పొదిగించింది. వాటి పిల్లలలో గింజలు ఏరే పనిలో రెండు కళ్లకూ తేడా కనబడలేదు. 1982లో ప్రకటించిన ఈ ఫలితం కన్నా 1990లో ప్రకటించినది ఇంకా విచిత్రమైనది. పొదుగు ముగిసే ముందు పిల్ల తలను పెంకు బయటకు తీసి, కుడి కన్ను మూసి, ఎడమ కంటికి వెలుగు చూపింది. తేడా తారుమారయింది!

అంటే అంతా వెలుగు మహిమేనా? కాదు. చీకటిలో పుట్టిన పిల్లలలో కూడా కొన్ని తేడాలు మిగులుతాయి. పైగా తల అటే తిరగాలని ఎవరు చెప్పారు? కోడి పిండంలో ఎడమ పక్కను గుర్తించే జన్యు సంకేతాల వరుసను 1995లో అమెరికాలో క్లిఫర్డ్ టాబిన్ బృందం బయటపెట్టింది. గుండె ఏ వైపు మెలిక తిరగాలో, పిండం ఏ వైపు ఒరగాలో నిర్ణయించేవి ఈ సంకేతాలే. భంగిమ జన్యువులది, ఆ భంగిమను వాడుకునేది వెలుగు.

జీబ్రా చేప కథ మరోలా ఉంది. దాని మెదడులో ఒక చిన్న భాగం ఎడమ పక్కకు జరుగుతుంది. 'నోడల్' అనే సంకేతం లేకుండా చేస్తే, ఆ భాగం కొన్ని చేపలలో ఎడమకూ కొన్నింటిలో కుడికీ పోయింది, మధ్యలో మాత్రం ఉండిపోలేదు. తేడా ఉండాలా అన్నది ఒక ప్రశ్న, ఏ పక్కన ఉండాలన్నది వేరొక ప్రశ్న అని 2000 ప్రాంతపు ఈ ప్రయోగాలు చూపాయి.

ఇంతకూ ఈ తేడా వల్ల కోడిపిల్లకు ఒరిగేదేమిటి? పెద్ద హేచరీలలో పొదిగే యంత్రాల లోపల సాధారణంగా చీకటే కనుక ఇది ఉబుసుపోక అడిగే ప్రశ్న కాదు. 2004లో రోజర్స్, ఇటలీకి చెందిన జార్జియో వలోర్తిగారా తదితరులు రెండు రకాల పిల్లలకూ ఒకేసారి రెండు పనులు పెట్టారు. కింద గులకరాళ్ల మధ్య గింజలు ఏరాలి, పైన కదిలే గద్ద ఆకారాన్ని కనిపెట్టి ఉండాలి. వెలుగు తగిలిన గుడ్ల పిల్లలు రెండూ చక్కగా చేసుకుపోయాయి. చీకటి గుడ్ల పిల్లలు గద్దను ఆలస్యంగా గమనించాయి, గింజలకు బదులు రాళ్లను పొడుస్తూ పోయాయి.