రిటైరైన నిఘా అధికారికి మళ్లీ కుర్చీ

1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో కాపలాదారు ఫ్రాంక్ విల్స్‌కు ఒక తలుపు గడియ పడకుండా అంటించిన టేపు కనిపించింది. పీకేశాడు. మళ్లీ చుట్టి వచ్చేసరికి అక్కడే ఇంకో టేపు! పోలీసులకు ఫోన్ చేశాడు. డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలో ఐదుగురు పట్టుబడ్డారు. వారిలో జేమ్స్ మెకార్డ్ సీఐఏ మాజీ అధికారి; అధ్యక్షుడు నిక్సన్ ఎన్నికల కమిటీకి భద్రత చూసేవాడు. దొరికినవాళ్ల అడ్రసు పుస్తకాల్లో హోవర్డ్ హంట్ పేరుంది.

ఈ హంట్ సంగతి ఆగి చూడాలి. 1970లో సీఐఏ నుంచి రిటైరయ్యాడు, మరుసటి ఏడాది వైట్‌హౌస్ సలహాదారయ్యాడు. పాత ఆఫీసు నుంచే విగ్గు, కెమెరా తెచ్చుకున్నాడు. 1971 సెప్టెంబరులో, పెంటగాన్ రహస్య పత్రాలు బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్‌కు వైద్యం చేసిన మానసిక వైద్యుడి కార్యాలయంలో చొరబాటు నడిపించాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పైన అడిగే అధికారి, రాయాల్సిన ఫైలు ఉండేవి. సలహాదారుకు అవేవీ లేవు. పిలిచి కూర్చోబెట్టిన నాయకుడే దిక్కు. అసలు ప్రమాదం అక్కడే ఉందని నా నమ్మకం. మౌనంగా ఉండమని ఒత్తిడి తెచ్చారని 1973 మార్చిలో మెకార్డ్ జడ్జి సిరికాకు ఉత్తరం రాశాక డొంకంతా కదిలింది. 1974 ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయాడు. హంట్ 33 నెలలు జైల్లో ఉన్నాడు.

మన దగ్గర తలుపులు పగలగొట్టే అవసరం రాలేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఫోన్ తీగను సర్కారు చేతిలోనే పెట్టింది. తొలి పాఠం పొరుగున ఉన్న కర్ణాటక నుంచి వచ్చింది. 1984లో ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడు ఆయన ఎమ్మెల్యేలకు అక్కడ ఆశ్రయమిచ్చిన రామకృష్ణ హెగ్డే, 1988 ఆగస్టులో ఫోన్ ట్యాపింగ్ వివాదంలోనే ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. 1996లో సుప్రీంకోర్టు కట్టుబాట్లు పెట్టింది: హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు కావాలి, అది 2 నెలలే చెల్లుతుంది, సమీక్షా కమిటీ చూడాలి.

ఆ కట్టుబాట్లు ఉండగానే తెలంగాణ కేసు వచ్చింది. మావోయిస్టుల మీద నిఘాకు పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో, 2020లో రిటైరైన ప్రభాకర్‌రావును ప్రభుత్వం ఓఎస్డీగా (ప్రత్యేక విధుల అధికారిగా) కొనసాగించింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే ఆయన రాజీనామా చేశారు. ప్రతిపక్ష నేతల ఫోన్లు విన్నారని, ఫలితాలొచ్చాక హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని పోలీసుల ఆరోపణ. 2024 మార్చిలో అరెస్టులు మొదలయ్యాయి. అప్పటికి అమెరికాలో ఉన్న ప్రభాకర్‌రావు 2025 జూన్‌లో తిరిగొచ్చి విచారణకు హాజరయ్యారు, ఆరోపణలను ఖండించారు. నిజానిజాలు కోర్టు తేల్చాలి.

ఆ నియామకం తప్పని చెప్పడానికి మాత్రం తీర్పు కోసం ఆగక్కర్లేదు. రిటైరైన అధికారికి నిఘా విభాగంలో ఏ పేరుతోనూ మళ్లీ కుర్చీ వేయకూడదని చట్టంలోనే రాయించండి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీని ఈ మాట అడగండి.