రాచపుండు తిరుగబెట్టు కాలము

పెద్దప్రేగున పుట్టిన రాచపుండును శస్త్రముతో తీసివేసిన పిమ్మట నది యెవరికి మరల వచ్చును, ఎన్నాళ్ల కు వచ్చును అను విషయమును వైద్యు లెట్లు తెలిసికొనిరో నేడు విన్నవించెదను.

1895లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున దుస్తులు కుట్టి జీవించు నొక స్త్రీ, తన వంశమున ననేకులు ప్రేగు, గర్భాశయముల రాచపుండుతో గతించిరనియు, తనకును అదే గతియనియు వార్తిన్ అను ఆచార్యునితో చెప్పెను. అట్లే ఆమె గర్భాశయపు రాచపుండుతో మరణించెను. ఆయన యా వంశవృత్తాంతమును 1913లో ప్రకటించెను. లోకము దానిని చాలకాలము పెడచెవిని పెట్టెను. 1966లో హెన్రీ లించ్ అట్టి కుటుంబములను మరల వెలుగులోనికి దెచ్చెను. మూలకారణము 1993, 94లలో గాని దొరకలేదు.

తాళపత్రమునకు ప్రతి వ్రాయు లేఖకుడు తప్పులు చేయును; పరిష్కర్త దిద్దును. మన కణములు రెండగునప్పుడును ఇట్లే జరుగును. ఆ వంశములలో దిద్దెడి జన్యువే చెడియుండును. చిత్రమేమన, ఇట్టి తప్పులతడక పుండు చేరువ గ్రంథులకు పాకకముందే తీసివేయబడెనా, తక్కినవానికంటె తక్కువగా తిరుగబెట్టును. దానిని దేహరక్షక కణములు పరాయిదిగా గుర్తుపట్టుటయే యిందులకు హేతువందురు.

పుండు ప్రేగుగోడ దాటెనా, గ్రంథులను చేరెనా యని చూచి తరగతులేర్పరచినవాడు లండనులోని డ్యూక్స్, 1932లో. గ్రంథులను చేరినచో తిరుగబెట్టు భయ మెక్కువ. శస్త్రమునాడే కంటికానని కణములు కాలేయముననో ఊపిరితిత్తులలోనో దాగియుండును. అవి పెరిగి బయటపడుట చాలమందికి తొలి రెండు మూడేండ్లలోనే. ఐదేండ్లు గడచిన పిమ్మట నరుదు.

ఇచ్చట మన తెలుగువాని ప్రసక్తి గలదు. అదే 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుని స్ప్రూ అను ప్రేగుజబ్బు బలిగొనెను. ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనశాలవారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించి 1945లో ప్రకటించిరి. 1957లో వెలువడిన ఫ్లోరోయురాసిల్ అను మందునకు ఆ ఫోలిక్ ఆమ్లపు రూపాంతరమైన ల్యూకోవోరిన్ బలము చేకూర్చును. గ్రంథులకు పాకినవారికి శస్త్రానంతరము ఈ రెంటినిచ్చుటచే తిరుగబెట్టుట తగ్గినది.

మా ఓరుగంటి సీమలో గాయము మానగానే ఆసుపత్రి ముఖము చూడనివారు గలరు. వైద్యులు రమ్మనునది, తొలియేండ్లలో కొన్ని మాసముల కొకసారి రక్తపరీక్షకు, ఏడాది నిండగనే ప్రేగులోనికి గొట్టము పంపి చూచుటకు. కాలేయమున చిన్న మచ్చగా నున్నప్పుడే కనబడినచో దానినిగూడ కోసి తీసి, కొందరిని సంపూర్ణముగ స్వస్థపరచుచున్నారు.