ఆరుద్ర నుంచి ఆశ్లేష దాకా

అనంతపురం మెట్టభూముల్లో వేరుశనగ పండించే రైతును ఏటా ఒక ప్రశ్న వేధిస్తుంది. ఈ పదునులో విత్తాలా, మరో వాన కోసం ఆగాలా? విత్తనం దాచుకున్న కాయలు వలిచినదో, అప్పు చేసి కొన్నదో అయి ఉంటుంది. ఒకసారి నేలలో పడ్డాక తిరిగి రాదు. ఈ ప్రశ్న గత శతాబ్దం చివర ఒక పరిశోధనాలయపు కంప్యూటరు దాకా ప్రయాణించింది. పరిశోధన కోసం కంప్యూటరు విద్య నేర్వడమంటే ఏమిటో ఆ ప్రయాణాన్ని చూసి తెలుసుకోవచ్చును.

ముందు ఈ నేల సంగతి. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు, ఈశాన్య ఋతుపవనాలకు తూర్పు తీరం దూరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఏ ఏడు ఎప్పుడు కురుస్తుందో తెలియదు. 1970ల తరువాత చిరుధాన్యాలను పక్కకు నెట్టి వేరుశనగ ఈ ఎర్రనేలల నిండా పరుచుకున్నది. కొర్రలు, సజ్జలు కరువును కొంత ఓర్చుకునేవి. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తేమ తప్పనిసరి. ఆ రోజుల్లో బెట్ట తగిలితే ఆకు పచ్చగానే ఉన్నా కాయ దక్కదు. కనుక విత్తిన తేదీయే పంట జాతకం.

అమెరికాలో ఫ్లారిడా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1980లలో ‘పీనట్‌గ్రో’ అనే పంట నమూనాను రూపొందించారు. ఫోర్ట్రాన్ భాషలో రాసిన ప్రోగ్రామది. ఇది మొక్క జీవితాన్ని రోజువారీ జమాఖర్చుగా నడుపుతుంది. కురిసిన వాన జమ. పారిపోయినది, లోపలికి ఇంకిపోయినది, ఆవిరైనది, మొక్క తాగినది ఖర్చు. మిగిలిన తేమ మరునాటి ఖాతాకు చేరుతుంది. దానినిబట్టి ఆకు ఎంత పెరిగిందో, కాయ ఎంత ఊరిందో లెక్కకడుతుంది.

సూపర్ కంప్యూటర్ల పేరు దేశమంతటా మారుమోగిన కాలమది. వాతావరణ సూచనల కోసం ఢిల్లీకి క్రే యంత్రం వచ్చింది. 1991లో సీడాక్ సంస్థ పరమ్ 8000ను తయారుచేసింది. ఈ పంట లెక్కకు అంత యంత్రం అక్కరలేదు, బల్లమీది కంప్యూటరు చాలు. కష్టమంతా దానికి పెట్టవలసిన మేతలో ఉంది. ప్రతి రోజుకూ వాన, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు, సూర్యరశ్మి కావాలి. నేల లోతెంత, ఎంత నీటిని పట్టి ఉంచగలదు, విత్తిన రకం ఎన్నాళ్లకు పూతకు వస్తుంది అన్నవీ కావాలి. ఒక్క రోజు వాన తప్పుగా ఎక్కితే ఆ తప్పు మరునాటి తేమలోకీ, ఆపైన దిగుబడిలోకీ పాకుతుంది. యంత్రం మాత్రం తడుముకోకుండా అంకె చెప్పేస్తుంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఋతుపవనాలను పరిశోధించిన సులోచనా గాడ్గిల్ గణితం చదివి ఈ రంగంలోకి వచ్చారు. ఆమెతో పనిచేసిన పి. ఆర్. శేషగిరిరావు అనంతపురాన్ని ఆనుకుని ఉన్న పావగడ తాలూకాలో స్వయంగా సేద్యం చేసిన పరిశోధకుడు. వేరుశనగ రైతుకు వాన జోస్యం ఎంత సరిగ్గా ఉంటే అక్కరకు వస్తుందన్న ప్రశ్నతో వీరి బృందం 1995లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వ్యాసం ప్రచురించింది. తరువాత పీనట్‌గ్రోను అనంతపురంలో నిజంగా పండిన దిగుబడులతో సరిపోల్చి, నమ్మదగినదని తేలాక, గడచిన దశాబ్దాల వానలను అందులోకి ఎక్కించింది. ఏ తేదీన విత్తితే ఏ ఏడు ఎంత పండేదో లెక్క తీసింది.

1999లో అచ్చయిన ఆ లెక్కల్లో తేలిన అదను జూన్ 22 మొదలు ఆగస్టు 17 వరకు. పంచాంగం తెరిచి చూడండి: ఒక రోజు అటూ ఇటూగా ఆరుద్ర కార్తె ప్రవేశించిన నాటి నుంచి ఆశ్లేష ముగిసే నాటి దాకా! అప్పటికి ఆ ప్రాంతపు రైతులు పాటిస్తున్న అదనూ అదే. ఎన్నో పంటలు పోగొట్టుకుని, కొన్ని దక్కించుకుని వారు పట్టుకున్న తేదీలను యంత్రం తన దారిన వెళ్లి కలుసుకున్నది.

అంతటితో కథ ముగిసి ఉంటే అది యంత్రానికి ఒక మెప్పుకోలు మాత్రమే అయ్యేది. ఆ నమూనాకు తేమ లెక్క తెలుసు గానీ పురుగు తెలియదు. ఎడతెగని బెట్టలో ఆకుముడత పురుగు విజృంభిస్తుంది, ముసురు పట్టినప్పుడు ఆకుమచ్చ తెగులు వ్యాపిస్తుంది. చేలో నిలబడిన వాడికి ఇది తెలిసిన సంగతే. అందుకే ఆ బృందం తరువాతి పరిశోధనల్లో తెగుళ్ల లెక్కనూ కలుపుకుని అదనును మళ్లీ పరిశీలించింది.

అనంతపురంలోనే ఇప్పుడున్న విశ్వవిద్యాలయాల్లో రెండు ఇవి: 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2008లో విశ్వవిద్యాలయ హోదా పొందిన జేఎన్‌టీయూ. ఫోర్ట్రాన్ స్థానంలో పైథాన్ నేర్చుకునే నేటి పరిశోధక విద్యార్థికి యంత్రబలం కొరత కాదు. తాను ఎక్కించిన అంకె ఏ వానమాపకం నుంచి వచ్చిందో, తన ప్రోగ్రాము దేనిని చూడలేదో అతడు చెప్పగలగాలి. ఆ రెండవ ప్రశ్నకు జవాబు ఒక్కోసారి చేనిగట్టు మీదే దొరుకుతుంది. అక్కడికి వెళ్లి అడగడం కూడా ఆ విద్యలో భాగమేనని నా నమ్మకం. అంకె తప్పితే విద్యార్థికి పోయేది ఒక అధ్యాయం. దానిని నమ్మి విత్తినవాడికి పోయేది ఏడాది బతుకు.