కొన్నవెల, అమ్మినవెల: పావులూరి గణితం నుండి భిలాయి బడి వరకు

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, 2000 నవంబర్ 1 నుండి ఛత్తీస్‌గఢ్‌లో, చేరిన ఈ ఉక్కు నగరానికి దేశం నలుమూలల నుండి శ్రామికులు తరలివచ్చారు. విజయనగరం - రాయపూర్ రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర నుండి వచ్చిన కుటుంబాలూ వారిలో ఉన్నాయి. ఈ కుటుంబాల పిల్లలు లాభనష్టాల లెక్కను రెండు భాషల నడుమ నేర్చుకుంటూ వచ్చారు. హిందీ బడిలో అది క్రయమూల్యం, విక్రయమూల్యం, బట్టా. ఇంట్లో కొన్నవెల, అమ్మినవెల, ముదరా.

మాటలు మారితే నష్టం లేదు. మాట వెనుక ఉన్న ఆధారం మారితేనే చిక్కు. తెలుగు ఇంట్లో 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. బడి పుస్తకంలో రెండు శాతం అంటే నూటికి ఏడాదికి రెండు. పెద్దల అప్పును పుస్తకం పద్ధతిలో లెక్కించిన పిల్లవాడికి ఏడాదికి నూటికి ఇరవై నాలుగు కట్టవలసిన చోట రెండే కనబడుతుంది. పన్నెండింతల ఈ తేడా కూడికలో జరిగిన తప్పు కాదు. దేనికి ఎంత, ఎంత కాలానికి ఎంత అన్న ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చిన తప్పు.

నెలకు నూటికి అని లెక్క కట్టడం నిన్నటి అలవాటు కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే వడ్డీ లెక్కకు సూత్రం ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు, 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు, 1150లో భాస్కరాచార్యుడు వడ్డీని విస్తరించి చెప్పారు. 'పంచక శతం' వంటి ప్రయోగాలలో నూరే ప్రమాణం, మాసమే కాలం. రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలంలో వెలువడిన మహావీరుని గణితసారసంగ్రహంలోని మిశ్రక వ్యవహారంలో అసలు, వడ్డీ కలిసిన మొత్తాన్ని విడదీయడం, పెట్టుబడుల నిష్పత్తిలో లాభాన్ని పంచడం వంటి వ్యవహారాలు ఉన్నాయి. వీటిని పండితుల వినోదమనుకోవడం పొరపాటు. బజారులో, పొలంగట్టుమీద తగవులు తెచ్చే లెక్కలివి.

ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన సారసంగ్రహ గణితమనే పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లోకం దానిని పావులూరి గణితమనే పిలిచింది. మల్లన కాలాన్ని గురించి పండితులలో వాదాలున్నా, పదకొండవ శతాబ్ది వాడన్నది సాధారణంగా చెప్పే మాట. తెలుగులో పురాణం పుట్టిన తొలినాళ్ళలోనే గణితమూ పుట్టిందన్నది మన సాహిత్య చరిత్రలలో తగినంతగా పట్టించుకోని విషయం. మల్లన మక్కికి మక్కి అనువాదకుడు కాడు. మూలకర్త జైనుడు, తాను శైవుడు. జినస్తుతి ఉన్నచోట శివుణ్ణి నిలిపాడు. కొన్ని సూత్రాలను కుదించి, ఉదాహరణలను పెంచాడు. సూత్రం ఎక్కడైనా ఒకటే, ఉదాహరణ మాత్రం చదివేవాడి ఊరిది కావాలని ఆయనకు తెలుసు. మూలమైన సంస్కృత గ్రంథం ఆధునిక లోకానికి 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య సంపాదకత్వంలో ఆంగ్లానువాదంతో చేరింది. అప్పటికి తెలుగులో దాని పద్యాలు అనేక శతాబ్దాల వయసున్నవి.

ఆ సంప్రదాయంలో ప్రధాన సాధనం త్రైరాశికం. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అనే మూడు తెలిస్తే నాలుగవది రాబట్టవచ్చు. దీనికి తోడు ఇష్టకర్మ: తెలియని రాశికి తోచిన విలువ ఒకటి ఊహించి, ఫలితాన్ని బట్టి సరిదిద్దడం. బడిపిల్లలకు నేటికీ ఇచ్చే లెక్కనొకదానిని చూస్తే ఇది తెలుస్తుంది. ఒక వర్తకుడు కొన్నవెలకు నూటికి ఇరవై ఐదు కలిపి వెల ప్రకటించి, దానిపై నూటికి పది ముదరా ఇచ్చాడు. లాభం 50 రూపాయలు. కొన్నవెల ఎంత? ఇష్టకర్మలో కొన్నవెల నూరనుకుంటారు. ప్రకటించిన వెల 125, ముదరా పన్నెండున్నర, అమ్మినవెల నూట పన్నెండున్నర. లాభం పన్నెండున్నర వచ్చింది. కావలసింది 50, అంటే నాలుగింతలు. కనుక కొన్నవెల 400, ప్రకటించిన వెల 500, అమ్మినవెల 450.

ఇక్కడ ఒక సొగసు ఉంది. వర్తకుడు వదులుకున్నది 50, మిగుల్చుకున్నదీ 50. కొన్నవాడు అదే సొమ్మును నూటికి పది అంటాడు, అమ్మినవాడు నూటికి పన్నెండున్నర అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరి నూరు ప్రకటించిన వెల, మరొకరి నూరు కొన్నవెల.

అయితే సరుకు తేవడానికి 20 రూపాయల కిరాయి అయిందనీ, అది పోగా మిగిలిన లాభం 30 రూపాయలేననీ లెక్కను మారుస్తే ఇష్టకర్మ చతికిలబడుతుంది. నూరనుకుంటే పన్నెండున్నర లాభంలో 20 పోయి ఏడున్నర నష్టం తేలుతుంది; దానిని 30తో పోల్చి హెచ్చించడానికి దారి లేదు. కిరాయి స్థిరంగా ఉండి, సరుకు వెలతో పాటు పెరగకపోవడమే కారణం. ఇక్కడ బీజగణితం అక్కరకొస్తుంది. కొన్నవెలను క్ష అనుకుంటే అమ్మినవెల క్షలో తొమ్మిది ఎనిమిదవ వంతులు. అందులోంచి క్ష, 20 తీసివేస్తే 30. అంటే క్షలో ఎనిమిదవ వంతు 50, క్ష 400. తెలియనిదానికి ముందే పేరు పెట్టి, తెలిసినదానితో సమానంగా వ్యవహరించడమే ఇందులోని కొత్తదనం. ప్రాచీనులు దానిని 'యావత్తావత్' అని పిలిచి 'యా' అని రాసేవారు. తెలిసిన సంఖ్యకు ముందు 'రూప' అనే మాటలోని 'రూ' అక్షరం ఉంచేవారు. మన రూపాయికి రాసే 'రూ' తో ఆ పోలిక కాకతాళీయమే, కానీ విద్యార్థికి గుర్తుండిపోయే పోలిక. బాగ్దాదులో తొమ్మిదవ శతాబ్దిలో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథమూ వారసత్వాలు, వ్యాపారం వంటి అవసరాలకేనని చెప్పుకున్నదే.

భిలాయి ఉక్కుకు ఈ కిరాయి ప్రశ్న ఎంతో దగ్గరిది. 1950లలో మొదలైన రవాణా ఖర్చు సమీకరణ విధానం కింద దేశంలో ఏ రైల్వే స్టేషన్‌లో దిగినా ఉక్కు వెల ఒక్కటే. కర్మాగారం పక్కనే ఉన్న రాయపూర్ రోలింగ్ మిల్లు యజమానీ, వేయి కిలోమీటర్ల దూరాన ఉన్న బొంబాయి వర్తకుడూ ఒకే వెల చెల్లించారు. అంటే సమీకరణంలోని ఆ 20 రూపాయలను రాజ్యం అందరికీ సమానంగా పంచింది. ఖనిజం ఉన్న ప్రాంతాలకు దక్కవలసిన సహజమైన మేలు ఆ పంపకంలో కనుమరుగైందన్న విమర్శ తూర్పు, మధ్య భారత రాష్ట్రాలలో చాలాకాలం వినబడింది. అది న్యాయమైన విమర్శే. 1992 జనవరిలో ఉక్కు వెలల నియంత్రణ, రవాణా సమీకరణ తొలగిపోయాయి. కర్మాగారాలు తమ వెల తామే ప్రకటించుకోవలసి వచ్చింది. అప్పటిదాకా భిలాయి బడి పుస్తకంలోనే కనబడిన ప్రకటించిన వెల, ముదరా, కిరాయి కర్మాగారం అమ్మకాల పుస్తకంలోకి వచ్చాయి.